నాన్న మళ్లీ వెళ్దామన్న మీటింగ్: ట్రాన్స్ కుటుంబాల సహాయ బృందం ఒకదానిపై నా రివ్యూ

ఈ బృందం పేరు, ఆఫీసు ఉన్న వీధి రాయడం లేదు. వాళ్లే వద్దన్నారు. ఇంతకుముందు అద్దెకున్న చోట అడ్రస్ బయటికి పొక్కి, నలుగురూ ఓనర్ మీద పడితే ఖాళీ చేయాల్సి వచ్చిందట. హైదరాబాద్‌లో ఇలాంటి బృందాలు కొన్ని ఉన్నాయి, తెలిసినవాళ్లను అడిగితే దారి దొరుకుతుంది. పేరు చెప్పని రివ్యూ ఎందుకంటారా? అక్కడికి వెళ్లేముందు ఏం దొరుకుతుందో, ఏం దొరకదో మాకు ఎవరూ చెప్పలేదు. ఇంకెవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను.

నేను ఒక టైల్స్ డిస్ట్రిబ్యూటర్ దగ్గర అకౌంట్స్ చూస్తాను. తమ్ముడు నాకంటే ఆరేళ్లు చిన్న. పుట్టినప్పుడు ఆడపిల్ల అని రాశారు. ఇంజనీరింగ్ చదువుతుండగా, తాను అబ్బాయినని ఇంట్లో చెప్పేశాడు. ఇలాంటివాళ్లను ట్రాన్స్ అబ్బాయిలంటారు; మగపిల్లాడని రాస్తే తాను ఆడదాన్నని చెప్పేవాళ్లు ట్రాన్స్ మహిళలు. అమ్మ ఏడ్చింది. నాన్న మాట్లాడటం మానేశారు. నాన్న ఆర్టీసీలో కంట్రోలర్‌గా చేసి రిటైరైన మనిషి, రోజంతా మాట్లాడటమే ఉద్యోగంగా బతికినవాడు. అలాంటాయన ఇంట్లో నోరు తెరవకపోతే ఎలా ఉంటుందో చెప్పలేను. ఇది ఇంట్లోవాళ్ల తరఫున రాస్తున్న రివ్యూ. తమ్ముడు రాస్తే మార్కులు వేరుగా పడొచ్చు, ఎందుకో కింద చెప్తాను.

మొదట వెళ్లింది కాగితాల కోసం. 2019లో వచ్చిన ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ చట్టం 2020 జనవరి 10 నుంచి అమల్లోకి వచ్చింది. అదే ఏడాది వచ్చిన నిబంధనల ప్రకారం జిల్లా మెజిస్ట్రేట్ హోదాలో కలెక్టర్ గుర్తింపు సర్టిఫికెట్, ఐడీ కార్డు ఇస్తారు. దరఖాస్తు కేంద్రం పెట్టిన నేషనల్ పోర్టల్‌లోనే. ఫీజు లేదు. అప్పట్లో అఫిడవిట్ సరిపోయేది, వైద్య పరీక్షలు అడగకూడదనీ, 30 రోజుల్లో ఇవ్వాలనీ ఉండేది. మేము పెట్టుకున్నది 2023లో కాబట్టి అప్పటి నిబంధనలు చెప్తున్నాను. చట్టాలు మారుతుంటాయి, మీరు పెట్టుకునే నాటికి ఏం నడుస్తోందో అక్కడ అడిగి తెలుసుకోండి.

ఇదంతా చదివి, ఇంట్లో కూర్చుని ఫోన్‌లోనే అయిపోయే పని కదా అనుకున్నాం. బృందం నడిపే ఆవిడ ట్రాన్స్ మహిళ, యాభైకి దగ్గర్లో ఉంటారు, అందరూ అక్క అనే పిలుస్తారు. ఆవిడ కంప్యూటర్ జోలికే పోలేదు. తమ్ముడి ఆధార్, పదో తరగతి మెమో, పాన్, బ్యాంక్ పాస్‌బుక్ జిరాక్సులు టేబుల్ మీద వరసగా పరిచి, పెన్సిల్‌తో ఒక్కో అక్షరం కింద చుక్క పెట్టుకుంటూ పోయారు. మెమోలో ఇంటిపేరు పొడి అక్షరం. ఆధార్‌లో పూర్తిగా ఉంది. పాన్‌లో ఇంటిపేరు వెనక్కి పోయింది. నాన్న పేరులో ఒకచోట రెండు 'ఏ'లు, ఒకచోట ఒకటే.

"పేరు మార్చడం తర్వాత సంగతమ్మా. ముందు ఉన్న పేరు అన్నింట్లో ఒక్కలాగే ఉందా చూడాలి. లేకపోతే ఇక్కడ కార్డు వచ్చేస్తుంది, రేపు బ్యాంకులో తిప్పుతారు" అన్నారు. ఇన్వాయిస్ నంబర్‌లో ఒక్క అంకె తేడా వస్తే జీఎస్టీ రిటర్న్ ఎలా ఇరుక్కుంటుందో తెలిసినదాన్ని నేను. ఆవిడ మీద నాకు గురి కుదిరింది అక్కడే.

ఇంకో మంచి పని చేశారు. మొదటి సర్టిఫికెట్‌లో 'ట్రాన్స్‌జెండర్' అనే వస్తుందని, 'పురుషుడు' అని రాదని దరఖాస్తు పెట్టకముందే తమ్ముడికి చెప్పారు. 'పురుషుడు' అని కావాలంటే సర్జరీ తర్వాత ఆసుపత్రి మెడికల్ సూపరింటెండెంట్ ఇచ్చే పత్రంతో మళ్లీ పెట్టుకోవాల్సి ఉండేది. తమ్ముడు గొడవకు దిగాడు. ఎవరి జెండర్ ఏమిటో వాళ్లే చెప్పుకోవచ్చని, అందుకు సర్జరీ చేయించుకోవాలని పట్టుబట్టకూడదని 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది కదా, మళ్లీ ఈ మెలిక ఏమిటని. ఆవిడ కాదనలేదు. "నువ్వన్నది నిజమే, దాని మీదే కొట్లాడుతున్నాం. ఈలోగా నీకు కార్డు కావాలా, వద్దా?" అన్నారు. కావాలన్నాడు. కార్డు చేతికొచ్చాక దాన్ని చూసి కుంగిపోకుండా ఉన్నాడంటే, ముందే తెలిసి ఉండటమే కారణం.

పదో తరగతి మెమో మాత్రం ఇంకా తేలలేదు. మార్చాల్సిన పత్రాల జాబితా అని నిబంధనల చివర ఒక అనుబంధం ఉంది, అందులో చదువు సర్టిఫికెట్లూ ఉన్నాయి. ఆ కాగితం పట్టుకుని వెళ్తే ఒక ఆఫీసు కౌంటర్‌లో "ఇలాంటిది మాకు రాలేదు, పైనుంచి లెటర్ తెండి" అన్నారు. బృందం నుంచి ఒక కుర్రాడు రెండుసార్లు తోడొచ్చాడు, లెటర్ రాసిచ్చాడు, రసీదు లేనిదే కదలనని కౌంటర్ దగ్గర నిలబడి ముద్ర వేయించుకున్నాడు. పని కాలేదు, కానీ చేతిలో రసీదుంది. నా లెక్కలో అది సగం పని.

నేను అసలు చెప్పాలనుకున్నది కుటుంబాల మీటింగ్ గురించి. నెలలో ఒక ఆదివారం పెడతారు. తెలుగులోనే నడుస్తుంది, మధ్యలో కొంచెం హిందీ. నాన్న రానన్నారు. అమ్మకు మోకాళ్ల నొప్పి, మెట్లెక్కేటప్పుడు చెయ్యి పట్టుకోవడానికి మనిషి కావాలని చెప్పి లాక్కెళ్లాను. మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. కాబట్టి అది అబద్ధమూ కాదు.

లోపల ప్లాస్టిక్ కుర్చీలు గుండ్రంగా వేశారు. నాన్న తలుపు పక్క కుర్చీ చూసుకుని, సంచీ ఒళ్లో పెట్టుకుని, ఇదిగో లేచిపోతాను అన్నట్టు కూర్చున్నారు. పరిచయాలు మొదలైతే నాన్న వంతు ఎలా గడుస్తుందా అని నాకు టెన్షన్. ఎవరూ ఆయన్ను ఏమీ అడగలేదు. పక్కన కూర్చున్నాయన టైలర్, ఆయన కూతురు ట్రాన్స్. "అన్నా, మీరు ఆర్టీసీ అంట కదా, ఏ డిపో?" అని మొదలుపెట్టాడు. ఇక చూడండి. డబుల్ డెక్కర్ బస్సులు ఏ రూట్లో తిరిగేవి, సమ్మె రోజుల్లో జీతం లేకుండా ఇల్లెలా గడిచింది, ఏ డిపో మేనేజర్ ఎలాంటివాడు. అవతల మీటింగ్ సగం అయిపోయింది, వీళ్లు బస్సు దిగలేదు. నన్నడిగితే చిరాకే వేసింది, ఇంత దూరం వచ్చింది ఇందుకా అని. ఆ తర్వాత ఎప్పుడో టైలర్ గొంతు తగ్గించి, "మీ వాడు తింటున్నాడా సరిగ్గా? మాది ఆర్నెల్లు గదిలోంచి బయటికి రాలేదు" అన్నాడు. నాన్న వెంటనే, "రాత్రిళ్లు తినడు. వాళ్లక్క ఉంటేనే తింటాడు" అన్నారు.

ఇంట్లో నాన్న గమనిస్తున్నారని నాకు అప్పటివరకు తెలియదు.

మీ బిడ్డను ఒప్పుకోండి అని ఆ గదిలో ఒక్కరూ ఉపన్యాసం ఇవ్వలేదు. వచ్చే దారిలో ఎవరితో ఏం మాట్లాడారని నాన్నను అడిగితే, "ఆ టైలర్ ప్యాంట్లు బాగా కుడతాడట, వచ్చే నెల బట్ట తీసుకెళ్లి కొలతలిస్తాను" అన్నారు. మళ్లీ వెళ్దామని ఆయన నోటితో చెప్పిన పద్ధతి అది.

అమ్మ పక్కన ఒక పెద్దావిడ కూర్చుంది. ఇంట్లో ఎప్పుడూ అడిగే ప్రశ్నలే అమ్మ ఆమెనూ అడిగింది. చుట్టాలకేం చెప్పాలి, ముసలితనంలో వీడికెవరున్నారు. ఆవిడ వాటికి జవాబు చెప్పలేదు. "నా బిడ్డతో నేను రెండేళ్లు మాట్లాడలేదమ్మా. ఆ రెండేళ్లు ఎక్కడుందో, ఏం తిందో ఇప్పటికీ చెప్పదు. నేనూ అడగను" అంది. అమ్మ ఆ సాయంత్రం తమ్ముడి గదిలోకి వెళ్లి, మంచం మీద కూర్చుని ఉతికిన బట్టలు మడతపెట్టింది. ఏమీ మాట్లాడలేదు. ఇది కౌన్సెలింగ్ అంటారో ఏమంటారో నాకు తెలియదు. బృందానికి విడిగా ఒక కౌన్సెలర్ కూడా ఉన్నారు, బాగానే మాట్లాడతారు, కానీ ఆవిడ అపాయింట్‌మెంట్ దొరకడం గగనం.

నాన్న విషయంలో ఇంకొకటి పనిచేసింది. మొదట్లో తెలిసినవాళ్లు ఎవరో చెబితే నాన్న తమ్ముణ్ని ఒక డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన మందులతో, మాటలతో కొన్ని నెలల్లో మామూలు చేసేస్తానన్నాడు. అక్కడినుంచి వచ్చాక తమ్ముడు నిద్రపోవడం మానేశాడు. మీటింగ్‌కి వచ్చే ఒక లాయరమ్మ ఈ సంగతి విని నాన్నకు రెండు విషయాలు చెప్పారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన కొత్త వ్యాధుల వర్గీకరణలో ట్రాన్స్‌గా ఉండటాన్ని మానసిక రుగ్మతల జాబితా నుంచి తీసేసింది, అది 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. అదే 2022లో, మద్రాస్ హైకోర్టు ఆదేశాలతో నేషనల్ మెడికల్ కమిషన్ ఇలా 'మార్చేస్తాం' అనే వైద్యాన్ని డాక్టర్ల వృత్తిపరమైన దుష్ప్రవర్తన కిందికి తెచ్చి, రాష్ట్రాల మెడికల్ కౌన్సిళ్లకు లేఖ రాసింది. నాన్న ఒకే ఒక్క ప్రశ్న వేశారు: "ఆ లెటర్ కాపీ ఉందా?" ఉంది. జిరాక్స్ తీయించుకుని పెన్షన్ ఫైల్లో పెట్టుకున్నారు. ముప్పై ఏళ్లకు పైగా సర్క్యులర్లు చదివి పనిచేసిన మనిషి, కూతురు చెబితే వినలేదు కానీ లెటర్‌హెడ్ చెబితే విన్నారు. దానికి నాకు కోపమూ వచ్చింది, నవ్వూ వచ్చింది.

ఆ గది గోడ మీద ఒక పేపర్ కటింగ్ ఫ్రేమ్ కట్టించి పెట్టారు. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు కొట్టేసిన పాత చట్టం వార్త. నిజాం కాలంలో, 1919లో వచ్చిన చట్టమది. దాని ప్రకారం ట్రాన్స్ మహిళల పేర్లు పోలీసుల రిజిస్టర్లో ఉండాలి. ఆడవేషంలో రోడ్డు మీద కనిపిస్తే వారెంట్ లేకుండా అరెస్టు చేయొచ్చు. నాన్న కళ్లజోడు సర్దుకుని అదంతా చదివి, "అంటే నేను డ్యూటీ చేసినన్నాళ్లూ ఇది ఉందా?" అని అక్కను అడిగారు. "ఉందన్నా. మీ బస్టాండులోనే మమ్మల్ని నిలబడనిచ్చేవాళ్లు కాదు" అన్నారావిడ, మామూలుగానే. నాన్న ఆ తర్వాత ఆవిడను మేడం అని పిలవడం మొదలుపెట్టారు.

తోడు రావడం కూడా వీళ్ల సర్వీసులో భాగమే. తమ్ముడు ఉద్యోగంలో చేరి రూమ్ తీసుకుంటే, సంగతి తెలిసి ఓనర్ వారంలో ఖాళీ చేయమన్నాడు. ట్రాన్స్ వ్యక్తిని ఉంటున్న చోటి నుంచి బలవంతంగా పంపేయడం ఆ 2019 చట్టంలోని 18వ సెక్షన్ కింద నేరం, ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా జైలు, జరిమానా. అక్క ఓనర్ దగ్గరికి వెళ్లి బెదిరిస్తారేమో అనుకున్నాను. సెక్షన్ ఉన్న కాగితం బల్ల మీద పెట్టి, దాని గురించి మాట్లాడకుండా, పిల్లాడి జీతం ఎంత, అద్దె ఒక్క నెలైనా ఆలస్యమైందా అని ఆయన్నే అడిగారు. నెలాఖరు దాకా గడువిచ్చాడు. అంతకుమించి కదల్లేదు. కేసు పెడదామా అని తమ్ముణ్ని అడిగితే వద్దన్నాడు, ఆవిడ బలవంతపెట్టలేదు. ఇంకో రూమ్ వాళ్లే చూపించారు. గెలిచామని చెప్పను, కానీ నడిరోడ్డున పడలేదు.

ఇప్పుడు లోపాలు. పెద్దది ముందు చెప్తాను. ఈ బృందం ట్రాన్స్ మహిళల చుట్టూనే తిరుగుతుంది. దానికి కారణాలున్నాయని నాకు తెలుసు. ఇల్లు వదిలి, అడుక్కుంటూ, వేధింపులు పడుతూ బతికినవాళ్లే ఇల్లిల్లూ తిరిగి కట్టుకున్న సంస్థ ఇది. కానీ మా తమ్ముడి లాంటి ట్రాన్స్ అబ్బాయికి అక్కడ దొరికేది తక్కువ. కరపత్రం మీద బొమ్మలన్నీ చీరల్లోనే. ఉపాధి శిక్షణ అడిగితే బ్యూటీషియన్ కోర్సు చెప్పారు. 2022లో ఉస్మానియా ఆసుపత్రిలో ఇద్దరు ట్రాన్స్ డాక్టర్లు ప్రభుత్వ ఉద్యోగంలో చేరడం, 2024 డిసెంబర్‌లో హైదరాబాద్ ట్రాఫిక్ అసిస్టెంట్లుగా 39 మంది డ్యూటీ ఎక్కడం, ఇవన్నీ గర్వంగా చెప్తారు, చెప్పాల్సిందే. కానీ హార్మోన్లకు ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లాలని తమ్ముడు అడిగితే, తెలిసిన నంబర్ కోసం గంటసేపు వెతికారు. వాడికి కావాల్సిన సలహాలు చివరికి అక్కడ పరిచయమైన ఇంకో ట్రాన్స్ అబ్బాయి ఇచ్చాడు. వాడు రాస్తే మార్కులు వేరుగా ఉంటాయన్నది ఇందుకే.

రెండోది, ఫోటో. ఒక మీటింగ్ అయ్యాక ఎవరో ఉత్సాహవంతుడు గ్రూప్ ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు. అందులో అమ్మా నాన్నా ముఖాలు స్పష్టంగా ఉన్నాయి. ఇంట్లో నలుగురికి తప్ప ఎవరికీ తెలియని రోజులవి. నేను ఫోన్ చేసి అరిచాను. వెంటనే తీయించారు, తర్వాతి మీటింగ్‌లో అందరి ఫోన్లూ ఒక బుట్టలో వేయించారు. బుట్ట ఇప్పటికీ ఉంది, ఆ మాటకు మెచ్చుకోవాలి. అయినా ఇన్నేళ్ల అనుభవమున్న బృందానికి ఆ బుట్ట మొదటినుంచీ ఉండాల్సింది. మీరు వెళ్తే ఫోటోల సంగతి మొదటిరోజే అడగండి, మొహమాటపడకండి.

వాట్సాప్ గ్రూప్ గురించి ఎక్కువ చెప్పను. గుడ్ మార్నింగ్ పూలు, అర్ధరాత్రి వాయిస్ మెసేజ్‌లు. మ్యూట్ చేసుకుంటే సరి. మీటింగ్ చెప్పిన టైముకి ఎప్పుడూ మొదలవదు.

డబ్బు విషయం నా వృత్తి కాబట్టి అడిగాను. సేవకు ఏమీ తీసుకోరు. స్టాంప్ పేపర్, నోటరీ ఖర్చు మనదే, దానికీ మధ్యలో ఎవరూ చెయ్యి చాపలేదు. విరాళం ఇస్తే రసీదు పుస్తకంలోంచి రాసిచ్చారు. లెక్కలు చూడొచ్చా అంటే మొహం చిట్లించకుండా రిజిస్టర్ తెచ్చి ముందు పెట్టారు. ఓచర్లు నంబర్ల వారీగా ఉన్నాయి, అద్దె, కరెంటు, ప్రయాణాలు. జీతాల దగ్గర మాత్రం కొన్ని నెలలు ఖాళీ. ప్రాజెక్టు ఆగితే జీతం ఆగుతుందన్నారు. ఈ రంగంలో ఇది కొత్తేమీ కాదు. 2021లో నగరంలో ట్రాన్స్ వ్యక్తుల కోసం తెరిచిన మిత్ర్ క్లినిక్, అమెరికా సాయం నిలిచిపోవడంతో 2025 మొదట్లో మూతపడింది, తర్వాత వేరే నిధులతో సబ్‌రంగ్ పేరున మళ్లీ మొదలైంది. అంత పేరున్నదానికే అలా అయితే వీళ్లెంత. పైగా ఇక్కడ పనంతా అక్క ఫోన్ మీదే నడుస్తుంది. ఆవిడకు జ్వరమొచ్చిన వారం ఒక్క ఫైలూ కదల్లేదు. రెండో మనిషికి పని నేర్పండని నేను గట్టిగానే చెప్పాను. ఆ రసీదు కుర్రాడికి నేర్పుతున్నారు, జీతం ఉన్న నెలల్లో.

మార్కులు వేయాలంటే, కాగితాల పనికి ఐదుకు నాలుగున్నర. కుటుంబాల మీటింగ్‌కి ఐదుకు ఐదు, మెట్లు మినహాయిస్తే. ట్రాన్స్ అబ్బాయిలకు సాయం రెండున్నర. గోప్యత మూడు, బుట్ట వచ్చాక.

వెళ్లేవాళ్లకు నాలుగు ముక్కలు. ఆధార్, పదో తరగతి మెమో జిరాక్సులు రెండేసి సెట్లు తీసుకెళ్లండి, ఆ చుట్టుపక్కల ఆదివారం జిరాక్స్ షాపు తెరవరు. పెద్దవాళ్లను తీసుకెళ్లేటట్టయితే, అక్కడ ఏదో మారిపోతుందని ముందు ఆశపెట్టకండి, ఊరికే రమ్మనండి. తమ్ముడికో చెల్లికో అన్నీ అనుకూలించేదాకా ఆగొద్దు, ఇంట్లో ఒక్కరు వెళ్లినా సరే, నేనూ మొదట ఒంటరిగానే వెళ్లి మాట్లాడొచ్చాను. అక్కకు ఫోన్ చేయాలంటే సాయంత్రం ఆరు దాటాక చేయండి. పగలు ఆవిడ కలెక్టరేట్లోనో పోలీస్ స్టేషన్లోనో ఎవరి పక్కనో కూర్చుని ఉంటారు, ఫోన్ ఎత్తరు.